పుదుచ్చేరిలో జాతుల సహవాసము: ద్విభాషుల పాత్ర

పుదుచ్చేరి పట్టణమునుండి దక్షిణముగా కడలూరునకు పోవు రాజమార్గమున ముదలియార్‌పేట దాటిన పిదప మురుంగపాక్కము వచ్చును. అచ్చటి వంతెన దాటినచో ఆవలి యొడ్డు అరియాంకుప్పము. ఈ రెంటి నడుమ పాఱునది సెంజి నది పాయ. స్థానికులు దానిని అరియాంకుప్పము ఏఱని వ్యవహరింతురు. ఊరి పేరు సులభముగా విడివడును. తమిళమున 'మురుంగై' యనగా మునగ. 'పాక్కము' అనగా తీరమందలి పల్లె. తెలుగు 'మునగ'యు తమిళ 'మురుంగై'యు ఒకే ద్రావిడధాతువునుండి పుట్టిన సోదరశబ్దములు. మునగచెట్లున్న పల్లె యనుటకంటె ఈ పేరునకు విశేషార్థము కల్పింప నక్కఱలేదు. కాని యీ ఏటి యొడ్డున నిలిచి చూచువానికి రెండువేల సంవత్సరముల జాతిసమ్మేళనచరిత్ర కన్నుల యెదుట నుండును. ఏటి కావలి దరిని కొంత దిగువన అరికమేడు. దానికి మరికొంత దూరమున సముద్రతీరమున వీరాంపట్టణము. ఉత్తరమున ఫ్రెంచివారు కట్టిన పట్టణము.

బహుజాతిసమాజమును గూర్చి మాటలాడునపుడు పుదుచ్చేరిని దృష్టాంతముగా చూపుట పరిపాటి. కొందఱు దానిని జాతులన్నియు కలసిమెలసి మనిన తావని పొగడుదురు. కొందఱు కాలువ కీవల తెల్లవారు, ఆవల నల్లవారు నుండిన విభక్తనగరమని నిందింతురు. ఆధారములను పరికించినచో రెండు మాటలును సగము సత్యములే. ఇచ్చట జాతులు వేఱువేఱు వీధులలో నివసించినవి. కాని వేఱుగా బ్రదుకలేదు. వానిని కలిపినది రెండు మూడు భాషలు నేర్చిన మనుష్యవర్గము. అట్టి వర్గము న్యాయముగా నడచినంతకాలము సహవాసము సాగినది. అది తప్పినచోట అన్యాయము జరిగినది. భారతీయభాషల నభ్యసించువారికి ఈ విషయము ముఖ్యమగుటకు కారణ మిదియే.

ఇచ్చట 'జాతి' యను మాటను గూర్చి ఒక్క వాక్యము చెప్పవలసి యున్నది. తెలుగున నీ పదము కులమునకు, దేశీయజనసమూహమునకు, పశుపక్ష్యాదుల తెగకు గూడ చెల్లును. ఐరోపావారి వ్రాతలలోని 'కాస్టు' పదము పోర్చుగీసు 'కాస్త' నుండి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దిలో పుదుచ్చేరినుండి ఉత్తరములు వ్రాసినవారు ఈ యర్థములన్నిటిని ఒక్కమాటలో కలిపివేయుట కలదు. కనుక పాత పత్రములలో 'జాతుల కలహము' అని కనబడినపుడు అది కులకలహమా, మతకలహమా, దేశీయుల కలహమా యని సందర్భమునుబట్టి నిర్ణయింపవలయును.

అరికమేటి కథ మొదట చెప్పవలసినది. ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రేయ్ 1937లో ఈ దిబ్బ ప్రాముఖ్యమును గుర్తించెను. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపెను. 1947 నుండి 1950 వఱకు కజాల్ దానిని కొనసాగించెను. మధ్యధరాప్రాంతపు ద్రాక్షాసవపు కూజాలు, ఇటలీదేశపు ఎఱ్ఱమృత్పాత్రల ముక్కలు లభించుటచే వీలర్ ఈ స్థలమును రోమనులతోడి వర్తకమునకై యేర్పడిన కేంద్రముగా నిరూపింప యత్నించెను. ఎరిత్రియన్ సముద్రయాత్రాగ్రంథమున గల 'పొదుకె' ఇదియే యని పలువురు పండితుల మతము. కాని 1989–92 నడుమ విమలా బెగ్లీ జరిపిన త్రవ్వకములు ఈ చిత్రమును మార్చినవి. ఊరు రోమను సరకులు రాకమునుపే యున్నది. అవి తగ్గిన పిదపను నిలిచినది. అనగా విదేశీయులు వచ్చి నెలకొల్పిన ఊరు కాదు. స్థానికుల రేవునకు విదేశీయులు వచ్చిరి. కుండపెంకులపైని బ్రాహ్మీలిపిలో తమిళశబ్దములు మాత్రమేకాక ప్రాకృతశబ్దములు గూడ కలవు. చెక్కినవారు ఏ దేశమువారైనను, ఆ కుండలు ఒకే గిడ్డంగిలో ప్రక్కప్రక్కన నున్నవి. పరాయి సరకు దొరికినచోట పరాయివాని రాజ్యమును ఊహించు అలవాటు చరిత్రకారులకు చిరకాలమునుండి కలదు. అరికమేడు ఆ అలవాటునకు మంచి చికిత్స.

తరువాతి యుగమునకు వత్తము. ఫ్రాంస్వా మార్తాఁ 1674లో ఇచ్చట స్థిరపడినపుడు ఈ ప్రాంతము బీజాపూరు సుల్తానుల యధీనమున నుండెను. అనుమతి నిచ్చినవాడు వారి ప్రతినిధి షేర్ ఖాన్ లోడీ. దానికి ముందు సెంజి నాయకులు పాలించిరి. వారితో వచ్చిన తెలుగుకుటుంబములు పల్లెలలో నిలిచిపోయినవి. 1677లో శివాజీ సెంజికోటను పట్టెను. ఈ విధముగా ఫ్రెంచి వర్తకుడు తమిళ సాలెవాని బట్టను కొనుటకు పఠానుని అనుమతి తీసికొని, పిదప మరాఠులతో మాటలాడుకొనవలసి వచ్చినది. ఏకభాషితో ఈ వ్యవహార మొక్క దినమైనను నడువదు.

1693లో డచ్చివారు ఊరిని పట్టుకొని 1699 వఱకు ఏలిరి. చదరములుగా వీధులను తీర్చు ఏర్పాటు వారి కాలమున గీసిన పటములో స్పష్టము. వృత్తిని, కులమును బట్టి వీధు లేర్పడినవి. నేటికిని వెళ్లాళవీధి, చెట్టివీధి, కోముట్టివీధి, కుమ్మరుల పేర వెలసిన కొసక్కడై వీధి, దక్షిణభాగమున ముస్లిముల ఖాజీవీధి, ముల్లావీధి నిలిచియున్నవి. కోముట్టివీధి యను పేరు తెలుగువారికి విశేషముగా చూడదగినది. తమిళుల నోట 'కోమటి' పొందిన రూప మది. తూర్పున సముద్రపు వైపు ఐరోపావారి గృహములు, నడుమ కాలువ. 1761 జనవరి 16న ఊరు ఆంగ్లేయుల వశమైన పిదప వారు దానిని నేలమట్టము గావించిరి. 1765 తరువాత ఫ్రెంచివారు తిరిగి కట్టినపుడును పాత వీధుల క్రమము నిలిచినది. గోడలు కూలినను కులవీధులు కూలలేదు.

ద్విభాషియొక్క బలమును, అతడు లేని యెడల కలుగు ప్రమాదమును నైనియప్ప పిళ్ళె వృత్తాంతము తెలుపును. అతడు ఫ్రెంచి కంపెనీకి ప్రధానమధ్యవర్తి. తెలుగున 'దుబాసి' యనబడు పదవి యిదియే. ఫ్రెంచి లెక్కలలో దళారి యను అర్థముగల మాటతో పిలువబడినది. క్రైస్తవుడు కానివాని కీ పదవి యుండరాదని జెసూటు గురువుల పట్టు. 1716లో నైనియప్పపై నేరములు మోపి శిక్షించిరి. అతనికి ఫ్రెంచి రాదు. విచారణలో అతని మాటలను తర్జుమా చేసినవాడు జెసూటుల ప్రధానోపదేశకుని కుమారుడే. ప్రతిపక్షి యింటి మనిషియే నిందితుని నాలుకయైన సందర్భ మిది. 1717లో నైనియప్ప చెఱలో మరణించెను. కుమారుడు గురువ పిళ్ళె సముద్రము దాటి ఫ్రాంసునకు పోయి న్యాయమును వేడెను, తీర్పు రద్దైనది. గురువ పిళ్ళె అచ్చట క్రైస్తవమతము స్వీకరించి, 1721లో రాజు చేత సెయింట్ మైకేలు బిరుదు పొంది తిరిగి వచ్చి తండ్రి పదవి నధిష్ఠించెను. తండ్రి కాదనిన మతమును కుమారుడు స్వీకరించి తండ్రి గౌరవమును నిలిపెను. దీనిని విజయ మనవలెనో ఓటమి యనవలెనో నిర్ణయించుట కష్టము.

ఈ వంశమునకు దగ్గఱి బంధువు ఆనందరంగ పిళ్ళె (1709–1761). డ్యూప్లే గవర్నరుగా నున్న కాలమున (1742–54) ఆ పదవి అతనికి దక్కినది. 1736 సెప్టెంబరు 6 నుండి మరణము వఱకు తమిళమున వ్రాసిన అతని దినచర్య ఈ విషయమున సాటిలేని సాక్ష్యము. దాని ఆంగ్లానువాదము 1904 నుండి 1928 వఱకు మద్రాసు ప్రభుత్వముచే పండ్రెండు సంపుటములుగా ప్రకటింపబడెను. అందు మెప్పులేక దాపులేక వ్రాసిన సంగతులు కొన్ని కలవు.

1745 అక్టోబరులో క్రైస్తవుల దేవాలయమున జరిగిన కలహ మందొకటి. పఱయకులమునుండి క్రైస్తవులైనవారికి, ఇతర క్రైస్తవులకు నడుమ చర్చిలో గోడ కట్టియుండెను. మేము నీ బిడ్డలము కామా యని పఱయ క్రైస్తవులు గురువును నిలదీయుటచే గోడ తొలగింపబడినది. అంతట పైకులములవారు కినుక వహించి వాదమునకు వచ్చిరి. ఒకే మతములోనివారి నడుమ నున్న గోడ మతముల నడుమనున్న దానికంటె గట్టిది.

1748 సెప్టెంబరులో ఆంగ్లేయులు ముట్టడించియుండగా వేదపురీశ్వరాలయమును డ్యూప్లే పడగొట్టించెను. ఆ గుడి జెసూటుల చర్చిని ఆనుకొని యుండెను. దాని నచ్చటనుండి తొలగింపవలెనని వారు అనేక సంవత్సరములుగా ప్రయత్నించుచుండిరి. ఆ దినచర్యయందే మఱియొక సంగతి కలదు. ఆ సమయమున మసీదును గూడ పడగొట్టుటకు ఉత్తరువైనది. సిపాయిల నాయకుడు అబ్దుల్ రహమాను గవర్నరు నొద్దకు పోయి, మసీదుపై చేయివేసినచో సిపాయిలెవ్వరును ఊరకుండరని స్పష్టముగా చెప్పుటతో ఉత్తరువు ఆగిపోయినది. గుడికి అట్టి మాట చెప్పగల వాడు లేకపోయెను. పక్కపక్కన నున్న రెండు ఆరాధనస్థలములలో ఒకటి నిలిచి యొకటి కూలుటకు కారణము ధర్మము కాదు. ఆయుధము చేతనున్నవాని యవసర మెంత యనునదియే. ఈ ఘట్టమును విడిచి పుదుచ్చేరి సామరస్యమును కీర్తించుట చరిత్ర కాదు. వేదపురీశ్వరునికి తరువాతి కాలమున వేఱొకచోట ఆలయము వెలసినది.

ఇంత కలహమునందును వాఙ్మయమున జరిగిన సమ్మేళనము ఆశ్చర్యకరము. ఆనందరంగ పిళ్ళె యిడైయ (యాదవ) కులస్థుడు, తమిళమున దినచర్య వ్రాసినవాడు. ఆయన పేర తమిళమున త్యాగరాజ దేశికుడు 'ఆనందరంగక్కోవై' రచించెను. సంస్కృతమున శ్రీనివాసకవి 1752లో 'ఆనందరంగవిజయచంపువు'ను వ్రాసెను. తెలుగున కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అను లక్షణగ్రంథమును రచించి ఆయనకే అంకిత మిచ్చెను. 'సాంబనిఘంటువు' కర్తగా తెలుగువారి కెఱుకపడిన రంగకవి యితడే.

మూడు భాషలలో మూడు తెఱగుల కావ్యములు రచింపబడుటను గమనింపవలయును. తమిళమున అకప్పొరుళ్ సంప్రదాయపు కోవై, సంస్కృతమున వంశచరిత్రతోడి చంపువు, తెలుగున ఛందోలక్షణము. ఇవి ఒకదానికొకటి అనువాదములు కావు. ఆ యా భాషలలో గౌరవనీయమగు ప్రక్రియ యేదో, అదియే దాతకు సమర్పింపబడినది. తెలుగుపండితునకు లక్షణగ్రంథమే యేల తోచినదన్న ప్రశ్నకు సమాధానము ఆ కాలపు దక్షిణదేశస్థితిలో నున్నది. తంజావూరు, మధుర, పుదుక్కోట, మైసూరు ఆస్థానములలో తెలుగు ప్రౌఢభాషగా చెల్లుచుండెను. లక్షణమును అంకితము గొనుట అనగా ఆ యాస్థానముల వరుసలో తానును కూర్చుండుట. ఫ్రెంచి కంపెనీకి దుబాసియైన వర్తకుడు రాజు కాదు. కాని 'రాట్టు' అను శబ్దము గ్రంథనామమున చేరినది. ఇది పొగడ్త యని త్రోసివేయ నక్కఱలేదు. తనది కాని భాషలో రాజత్వమును పొందుట బహుభాషాసమాజమున మాత్రమే సాధ్యము. తెలుగుసాహిత్యచరిత్రలు రంగకవిని లక్షణకర్తల పట్టికలో ఒక పంక్తితో దాటించుట ఈ సందర్భమును మఱుగుపఱచినది.

ఇట్టిదే ఫ్రెంచి గురువుల వైపునుండి మఱియొక ఫలము. పుదుచ్చేరినుండి సాగిన జెసూటుల కర్ణాటకమతప్రచారమునకు పని చేసిన భాష తెలుగు. గాస్తోఁ కోర్దూ (1691–1779) తెలుగుసీమలో పనిచేసి తెలుగు, సంస్కృతము నేర్చి నిఘంటురచనకు పూనినవాడు. పారిసు అకాడమీ పండితుల ప్రశ్నకు ప్రత్యుత్తరముగా 1767లో అతడు సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల పోలికలను పట్టికలుగా చూపి, అవి వర్తకసంపర్కమువలన వచ్చినవి కావనియు, మూలసంబంధ మున్నదనియు సూచించెను. విలియం జోన్సు ప్రసిద్ధోపన్యాసము 1786 నాటిది. కోర్దూ వ్రాతలు 1808 వఱకు అచ్చుపడకపోవుటచే కీర్తి జోన్సునకు దక్కినది. పుదుచ్చేరివాసి మారిదాస్ పిళ్ళె ఆ కాలమువాడే. భాగవతమును తమిళమునుండి ఫ్రెంచిలోనికి 1769లో తెచ్చిన అతని రచన 1788లో పారిసున వెలువడెను. తులనాత్మకభాషాశాస్త్రము గ్రంథాలయమున గాక, ప్రక్కయింటివాని మాట నర్థము చేసికొనవలసిన యవసరమున పుట్టిన దనుటకు ఇవి సాక్ష్యములు.

ఏటి యొడ్డునకు మరల వచ్చినచో ఇంకొక విచిత్రము కలదు. ఆగ్నేయాసియా విద్యార్థులకై స్థాపింపబడిన సెమినరీ యుద్ధములవలన స్థానభ్రష్టమై 1770లో వీరాంపట్టణమునకు వచ్చెను. దాని అధ్యక్షుడు పిన్యో ద బెహేన్. ఇతర దేశములనుండి వచ్చిన శిష్యుల తోడ్పాటుతో అతడు 1773 నాటికి అన్నామీయ–లాటిను నిఘంటువును ఇచ్చటనే సిద్ధము గావించెను. అరికమేటి యందు శిథిలముగా నున్న గోడలు ఆ సెమినరీకి సంబంధించినవి. బ్రాహ్మీలిపి పెంకులు దొరకిన దిబ్బమీద వియత్నాము భాషకు నిఘంటువు కూర్పబడుట ఏ కవియు కల్పింపజాలని సంగతి.

పందొమ్మిదవ శతాబ్దిలో న్యాయస్థానము భాషాప్రశ్నను కొంత వెనుకకు నెట్టి ఆచారప్రశ్నను ముందునకు తెచ్చినది. 1819 జనవరి 6 నాటి శాసనముచే భారతీయులకు వారి వారి కులాచారముల ననుసరించి తీర్పు చెప్పవలెనని నియమింపబడెను. 1827లో ఆచారనిర్ణయమునకు సలహాసంఘము ఏర్పడెను. ప్రతి జాతి తన నియమముతో తానుండు సహవాసరీతి యిది. దాని లోపము త్వరలోనే బయటపడినది. 1873లో పొన్నుతంబి యను న్యాయవాది పాదరక్షలతో న్యాయస్థానమున ప్రవేశించుటచే దండింపబడెను. పారిసు ఉన్నతన్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పెను. 1881 సెప్టెంబరు 21 శాసనముచే స్వేచ్ఛగా కులాచారనియమమును విడిచి ఫ్రెంచి పౌరనియమమును స్వీకరించు వీలు కలిగినది. అట్లు విడిచినవారిలో అగ్రగణ్యుడైన పొన్నుతంబి తన కొత్త యింటిపేరుగా ఫ్రెంచిలో 'ద్వారము' అను నర్థము గల 'లా పోర్త్' అను శబ్దమును గైకొనెను. చెప్పులతో ప్రవేశింపరానిదన్న ద్వారమునే పేరుగా ధరించిన యీ వ్యక్తి వ్యంగ్యజ్ఞుడని చెప్పక తప్పదు.

ఇరువదవ శతాబ్దిలో వీధులవలె విడిపోయిన జాతులు మిల్లులలో ఒకచోట చేరినవి. కడలూరు మార్గమున ముదలియార్‌పేటలో 1898లో స్థాపింపబడిన రోడియరు మిల్లు, ఊరిలోని సవానా మిల్లు పల్లెలనుండి కార్మికులను రప్పించినవి. 1936 జూలై 30న సవానా మిల్లువద్ద కాల్పులలో 12 మంది కార్మికులు చనిపోయిరి. ఆ పోరాటము ఎనిమిదిగంటల పనిదినమునకు దారి తీసినది. మగ్గము దగ్గఱ నిలిచినవాని కులము నడిగిన యజమాని లేడు. సంఘమున చేరినవాని యింటిభాష నడిగిన నాయకుడును లేడు. రోడియరు మిల్లు పిదప ప్రభుత్వాధీనమై 2020లో మూతపడెను. మురుంగపాక్కమునకు పోవువారు నేటికిని దాని గోడల ప్రక్కగా పోవుదురు.

వీరాంపట్టణమున సెంగళునీరమ్మ రథోత్సవమును గూర్చి గూడ చెప్పవలసి యున్నది. ఆషాఢమాసపు శుక్రవారమున జరుగు ఈ ఉత్సవమున ఫ్రెంచి కాలమునుండి గవర్నరు రథపు మోకును తాకి లాగుట ఆచారము. నేడు లెఫ్టినెంటు గవర్నరు దానిని నెఱవేర్చును. మత్స్యకారుల యమ్మవారి రథమును పరదేశపు గవర్నరు లాగుటలో భక్తి కొంత, రాజనీతి కొంత యుండును. భక్తి పాళ్ళెంత, రాజనీతి పాళ్ళెంత యని తేల్చ నక్కఱలేదు. అమ్మవారి భక్తులు ఆ లెక్క నడుగలేదు.

ఇక తెలుగువారి సంగతి. 1954 నవంబరు 1న ఫ్రెంచి ప్రదేశములు భారతప్రభుత్వహస్తమునకు వచ్చినవి. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియైనది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అను నాలుగు భాగములు మూడు రాష్ట్రముల నడుమ చెదరియున్నను ఒక పరిపాలనక్రింద నిలిచినవి. 1965 నాటి అధికారభాషాచట్టము తమిళమును ప్రధానభాషగా స్వీకరించి, మాహేలో మలయాళమునకు, యానాంలో తెలుగునకు స్థానము కల్పించినది. 2011 జనగణనమున యానాం జనసంఖ్య 55,626; మొత్తము ప్రదేశపు జనసంఖ్య 12,47,953. సంఖ్యలో స్వల్పమైనను, యానాం తెలుగునకు చట్టము నీడ నిచ్చినది.

కాని తెలుగు యానాంలో మాత్రమే లేదు. పుదుచ్చేరి పల్లెలలో రెడ్డియారులు, పట్టణమున నాయుళ్ళు, కోమట్లు తరతరములుగా నున్నవారు. 'రెడ్డియార్' అను రూపమే రెండు భాషల కలయిక: తెలుగు 'రెడ్డి'కి తమిళ గౌరవప్రత్యయము చేరినది. 1964లో ముఖ్యమంత్రియైన వెంకటసుబ్బ రెడ్డియారు ఈ వర్గమునకు చెందినవాడు. అయినను బడిలో తమిళము, కచేరీలో తమిళము, దేవాలయమున తమిళము. అనేకకుటుంబములలో తెలుగు వంటయింటి భాషయై, పెద్దల సంభాషణలో మాత్రము వినబడుచున్నది. తెలుగు మాటలాడుదురు గాని తెలుగు లిపి చదువరు. వీరిని తమిళులందు కలిసిపోయిన తెలుగువారనుట తొందరపాటు. తమిళసమాజమున తెలుగుతనముతో నున్నవారనుటయు అంతే. వారిలో పలువురు తాము తమిళులమనియే చెప్పుదురు; తల్లిని మాత్రము 'అమ్మ' యనక 'అవ్వ' యను యింటివారు గూడ కలరు. భాషను జాతిచిహ్నముగా తీసికొను శాస్త్రమునకు ఇట్టివారు చిక్కును తెత్తురు. ఆ చిక్కును విప్పుటకు జనగణనపట్టికలు చాలవు. ఇంటింట బంధువాచకములు, వంటసామగ్రి పేర్లు, పెండ్లిపాటలు వినువారు వలయును. యానాం తెలుగు గోదావరి మాండలికము. పుదుచ్చేరి తెలుగు నాయకరాజులనాటి వలసలతో వచ్చి తమిళమున నానినది. ఒకే పరిపాలనలో నున్న ఈ రెండింటిని సరిపోల్చి చూపు రచన యింకను కావలసియున్నది; దానికి సామగ్రి యానాం ఏటిగట్టునను, మురుంగపాక్కము చుట్టుపట్ల పల్లెలయందును, వృద్ధుల నోట, నేటికిని దొరకును.